కొత్త పాట ఎక్కించుకోని క్యాసెట్టు

హైదరాబాదులో ఏం పనని మా ఆయన అడిగితే, "ఒక క్యాసెట్టు దిగబెట్టి రావాలి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కొరియర్ చేసెయ్యొచ్చుగా" అన్నారు. చెయ్యొచ్చు. కానీ దారిలో ఎక్కడైనా జారిపోతే అలాంటిది ఇంకొకటి ఎక్కడా లేదు. పోయిన నెల ఇంటర్నెట్‌లో గోంగూర నిల్వ పచ్చడి వీడియో కోసం వెతుకుతుంటే, పక్కన "లంచ్ బెల్ బ్యాండ్, నాచారం" అన్న పేరు కనిపించింది. పచ్చడి సంగతి అక్కడితో సరి. పదేళ్ల కిందట నాచారం పారిశ్రామికవాడలో మందుల ప్యాకింగ్‌లో ఏడాదిన్నర పనిచేశాను. అప్పట్లో భోజనాల వేళ ఆ కుర్రాళ్ల పాట వినకుండా ముద్ద దిగేది కాదు. వీడియో కింద వాళ్లే ఒక ముక్క రాశారు: "మా మొదటి పాట 'సద్ది' ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పుండ్రి. మా దగ్గర లేదు." నా దగ్గర ఉంది. కుట్టుపెట్టెలో, పిన్నీసుల కింద.

ఆ రోజుల్లో పాట ఎలా చేరేదో కొత్తవాళ్లకు చెప్పాలి. ఆదివారం పొద్దున నాచారం చౌరస్తాలో ఒక చాయ్ హోటల్ వెనక ఆ కుర్రాళ్లు బల్లమీద రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చునేవారు. మనం ఒక క్యాసెట్టు తీసుకెళ్తే పాట ఎక్కించి ఇచ్చేవారు. వాళ్లకు ఒక్కటే పట్టింపు. పాట టేపు మొదట్లోనే ఉండాలి. ఆటో నడిపే మనిషి వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చోలేడు, లోపలికి తోస్తే చాలు మోగాలి అని. మిగతా టేపంతా మన ఇష్టం, సినిమా పాటలు నింపుకోవచ్చు. రెండు నెలలకో మూడు నెలలకో కొత్త పాట తయారైతే, జనం అదే క్యాసెట్టు పట్టుకుని మళ్లీ వరుస కట్టేవారు. నేను మొదటి పాట ఎక్కించుకున్నాక రెండో ఆదివారమే నాన్నకు బాగోలేదని కాకినాడ వెళ్లిపోయాను. మళ్లీ వరుసలో నిలబడలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. ఈమధ్య బందులెక్కువ కాబట్టి ముందు అది చూసుకుని టికెట్టు తీసుకోండి. కాకినాడ నుంచి స్లీపర్ మూడొందల లోపే. పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, బ్యాండులో ఒకతను ఫోనులో చెప్పిన కొట్టు కోసం స్టేషన్ బయట ఉప్పల్ బస్సు ఎక్కాను. తార్నాక నుంచి దారంతా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, రోడ్డు సగానికి సగం రేకులతో మూసేశారు. అరగంట దారికి గంట పట్టింది. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర దిగి బండిమీద నాలుగు ఇడ్లీలు తిని, పది దాకా ఆ కొట్టు ఎదుట ఒక అరుగుమీద కూర్చున్నాను. చేతిసంచి ఒళ్లోంచి దించలేదు. వెళ్లేవాళ్లంతా దాన్నే చూస్తున్నట్టు ఒక పిచ్చి అనుమానం.

పదింటికి స్వామి షట్టర్ ఎత్తాడు. లంచ్ బెల్‌లో గిటార్ వాయించింది ఇతనే. ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు. నేను ఫోనులో మాట్లాడిన మనిషినేనని చెప్పగానే స్టూలు తుడిచి వేశాడు. "కూసోండ్రి అక్కా, చాయ్ చెప్త. తెచ్చిన్రా?" అన్నాడు. నేను క్యాసెట్టు తీసి బల్లమీద పెట్టాను. ముట్టుకోకుండా వంగి చూశాడు. అట్టమీద యాదగిరి చేతిరాత, "సద్ది" అని. యాదగిరి ఆ బ్యాండు గాయకుడు.

"గీ రాత ఇంకెక్కడ లేదక్కా," అన్నాడు స్వామి. "కొత్త పాటొచ్చినప్పుడల్లా పాత అట్ట తీసి కొత్తది రాసేటోడు."

అప్పుడు చెప్పుకొచ్చాడు. టేపుల కాలం అయ్యాక, ఫోనుల్లో పాటలు నింపే రోజులొచ్చాయి. జనం సినిమా పాటల కోసం మెమరీ కార్డు ఇస్తే, స్వామి అందులో అడక్కుండానే తమ పాట ఒకటి దూర్చి ఇచ్చేవాడు. ఎవరూ తిట్టలేదట. బస్సుల్లో బ్లూటూత్ మీద ఫోను నుంచి ఫోనుకు దూకి, ఆ పాట ఒకసారి కీసర గుట్టమీద జాతరలో ఎవరి జేబులోంచో వినబడిందట. తర్వాత హబ్సిగూడ ఇంటర్నెట్ సెంటర్లో ఒక్క పాట పైకెక్కించడానికి మూడు గంటలు. ఇప్పుడు దుబాయి నుంచి, కరీంనగర్ నుంచి మెచ్చుకుంటూ రాస్తున్నారు. నేను నోరు తెరుచుకుని విన్నాను. చాయ్ హోటల్ వెనక బల్ల ఎక్కడ, దుబాయి ఎక్కడ!

"మరి యాదగిరి గారి పాటలు పెట్టలేదేం?" అన్నాను.

స్వామి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏడు పాటలు పాడిండక్కా, ఒకదాని మీద ఒకటి ఎక్కుడే. గొంతుల గడ్డయితే గాంధీ దవాఖానల ఆపరేషన్ జేసిన్రు. పాణం దక్కింది, గొంతు పోయింది. గిప్పుడు గుసగుస లెక్కనే మాట్లాడ్తడు. తర్వాత వేరే పోరడు పాడిండు. గా పాట ఎక్కించుకోనీకి అందరు క్యాసెట్లు పట్టుకొచ్చిన్రు. అప్పుడు మిషన్ మీద కూసున్నది ఎవరనుకున్నరు? యాదగిరే. పాడలేడు గదా, ఏదో పని ఉండాలె అని. ఒక్కొక్క క్యాసెట్ పెట్టుకుంట, ఆయన గొంతు మీదనే ఎక్కించిండు. మా అసలు టేపు మీద గూడ."

"ఆపలేదా ఎవరూ?"

"మాకు తోచలేదక్కా. కొత్త పాట అంటే పండుగ మాకు."

మిగతాదీ అతనే చెప్పాడు. యాదగిరికి ఆపరేషన్ అయ్యాకే పెళ్లయింది. భార్య పద్మ ఆయన పాట ఎన్నడూ వినలేదు. ఎవరిదో ఒక క్యాసెట్టులో కొత్త పాట అయిపోయాక పాతది రెండు సెకన్లు మిగిలిపోయిందట. అందులో ఉన్నది ఒక్క "ఆ..." మాత్రమే. ఆమె దాన్ని ఫోనులో దాచుకుందట.

స్వామి పాత సామాన్ల దుకాణం నుంచి ఒక టేప్‌రికార్డర్ తెచ్చి పెట్టాడు. ముందు పరీక్షిద్దామని ఏదో భజనల క్యాసెట్టు పెడితే, అర నిమిషం పాడి, కరకరమని టేపంతా నమిలేసింది. లోపలి నుంచి నూడుల్స్ లాగినట్టు లాగాడు. మేమిద్దరం నా క్యాసెట్టు వైపు చూశాం. దాన్ని మళ్లీ సంచిలో వేసేసుకున్నాను. నాచారంలో ఎవరింట్లోనైనా మంచిది దొరక్కపోతుందా అని కొట్టు మూసి బయలుదేరాం.

రింగ్‌రోడ్డు దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. షేర్ ఆటో అయితే మనిషికి పదే, మేం మొత్తం ఆటోకి ఎనభై ఇస్తామన్నాం. ఎక్కగానే స్వామి నా మోచేతిని పొడిచాడు. ముందు అద్దం కింద, పసుపు కుంకుమ అద్దిన పాత క్యాసెట్ ప్లేయర్!

"అన్నా, గిది పనిజేస్తదా?" అన్నాడు.

డ్రైవర్ నర్సింహ నొచ్చుకున్నట్టు వెనక్కి తిరిగాడు. "పనిజేస్తదా అంటవేంది? పదిహేనేండ్ల సంది ఒక్క టేపు నమలలే." అంటూనే ఒక క్యాసెట్టు తోశాడు. మోగింది లంచ్ బెల్ పాటే, ఆ రెండో గాయకుడిది. స్వామి నవ్వాలో ఏడవాలో తెలియనట్టు కూర్చున్నాడు. విషయం తెలిశాక నర్సింహ ఆటో పక్కకు ఆపేశాడు. "ఎనిమిది సార్లు ఎక్కించుకున్న నేను. ఒక్క కొత్త పాట ఇడవలే. అంటే మొదటిది నేనే తుడిపించుకున్ననా?" అని అడిగాడు. మళ్లీ బండి తీసి హబ్సిగూడ దగ్గర కుడికి తిప్పాడు.

నాచారంలో యాదగిరి ఉండేది రెండు గదుల ఇల్లు. వీధి చివర నుంచి మౌలాలి గుట్ట కనిపిస్తుంది. లేత్ మిషన్ పని ఆయనది, ఆ పూట సెలవు పెట్టాడు. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "అసలైన అభిమాని మీరే అక్కా" అన్నాడు. గాలి మాత్రమే వచ్చింది, పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. "కాదండీ, నేను మళ్లీ రాలేదు, అందుకే మిగిలింది" అన్నాను. ఆయన నవ్వాడు, ఆ నవ్వుకూ చప్పుడు లేదు.

పద్మ పప్పు తాలింపు వేస్తున్నదల్లా స్టవ్ ఆపి వచ్చింది. ఆటోలో వెనక సీటులో వాళ్లిద్దరినీ కూర్చోబెట్టాం. నేనూ స్వామీ బయట నిలబడ్డాం. టేపు వదులుగా ఉంటే పెన్సిలు దూర్చి మెల్లగా బిగించాను. నర్సింహ బట్టతో ప్లేయర్ నోరు తుడిచి, అద్దానికి కట్టిన దేవుడి బొమ్మకు మొక్కి, తోశాడు. స్వామి తన ఫోను రికార్డింగులో పెట్టి స్పీకర్ దగ్గర పట్టుకున్నాడు. గరగర. ఇంకా గరగర. కాకినాడ తేమ తినేసిందేమో అనుకున్నాను. అప్పుడొచ్చింది గొంతు.

"సైరన్ గూసె, సద్ది ఇప్పు, సగము నీకు సగము నాకు..."

పదేళ్లు ఎక్కడికీ పోలేదు ఆ గొంతు. బరువుగా, కొంచెం బొంగురుగా, పక్కన కూర్చుని మన విస్తట్లో చెయ్యి పెట్టినంత చనువుగా ఉంది. రెండున్నర నిమిషాల ప్లాస్టిక్ రిబ్బన్లో ఒక మనిషి గొంతు మొత్తం పిన్నీసుల కింద పడుకుని ఉందంటే, ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. యాదగిరి కళ్లు మూసుకున్నాడు, పెదాలు మాత్రం పాటతో పాటే కదులుతున్నాయి. పద్మ ఆ పెదాల్ని చూస్తోంది, ఒకసారి స్పీకర్‌ని చూస్తోంది. నర్సింహ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

పాట అయిపోయింది. గిటార్ ఆగింది. చాయ్ గ్లాసుల చప్పుడు, ఎవరో దగ్గడం. తర్వాత అదే గొంతు, పాడకుండా, మామూలుగా అడిగింది: "ఎట్లున్నదే?"

ఆ రోజు గదిలో ఎవరిని అడిగాడో ఎవరికీ గుర్తులేదు. టేపులో జవాబు కూడా లేదు. పద్మ ముందుకు వంగి ఆ స్పీకర్‌తోనే, "మంచిగున్నది," అంది. "మస్తు మంచిగున్నది." అప్పుడు ఏడ్చింది.

స్వామి ఫోనులో అదంతా ఎక్కింది, వీధిలో స్కూటర్ హారనూ, పద్మ మాటా, ఏడుపూ సహా. మంచి డెక్కు దొరికితే శుభ్రంగా తీస్తానన్నాడు గానీ, యాదగిరి వేలు అడ్డంగా ఊపాడు. ఇదే పెట్టమన్నాడు. పద్మ పప్పన్నం పెట్టింది, మౌలాలి గుట్ట మీద ఎండ వాలేదాకా మేం కదల్లేదు. తిరుగు రైలు ఎక్కేలోపే నా ఫోనులో చూశాను, దుబాయి నుంచి ఎవరో అప్పుడే రాశారు, "చివరల మాట్లాడింది ఎవరు?" అని.

పదే పదే వెళ్లినవాళ్లే అభిమానులని నేనూ అనుకునేదాన్ని. వాళ్ల ప్రేమలో లోటు లేదు, నర్సింహ ఆటోలాంటివి లేకపోతే ఆ పాటలు నాచారం దాటేవే కావు. కాకపోతే కొత్తదాని మీది సంబరంలో పాతదాన్ని మన చేత్తోనే తుడిపేసుకుంటామని వాళ్లకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఇంటర్నెట్‌లో కొత్త పాట పెడితే పాతది చెరగదు. ఆ మాట కొట్లో స్వామి అన్నప్పుడు అదేం గొప్పా అనుకున్నాను. ఇప్పుడు అంతకంటే గొప్ప సంగతి నాకు తోచడం లేదు.

ఇక మీకు పనికొచ్చే చిట్కా ఒకటి. ఇంట్లో పాత క్యాసెట్టు ఉండి, దాన్ని ఎక్కడికైనా పట్టుకెళ్తుంటే, బయలుదేరే ముందే పై అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచెయ్యండి. ఆ తర్వాత ఏ మిషన్‌లో పెట్టినా రికార్డు మీట నొక్కుకోదు. నాకు తెలియదు, నాదానికి అవి అలాగే ఉన్నాయి. ఆ రోజు ఆటో దిగే ముందు యాదగిరి తన గోటితో రెండూ విరిచి, ఆ ముక్కల్ని పద్మ చేతిలో పెట్టాడు. ఎనిమిదేళ్ల కిందట, తన గొంతు మీద కొత్త పాట ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆ కిటుకు ఆయనకు తెలుసట. అభిమానులు కొత్త పాట కోసం వరుసలో నిలబడి ఉన్నారు, విరవబుద్ధి కాలేదు అన్నాడు.