కొసరుగా ఇచ్చిన గుంట

మా అరకు సంతలో తలపండిన వ్యాపారి కూడా చేయలేని బేరం నేను ఇరవై రెండేళ్లకే చేశాను. హైదరాబాదులో ఒక ప్రచురణకర్త నా బొమ్మల కథల పుస్తకానికి ధర చెప్పాడు. నేను లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాను. పెంచాడు. గుమ్మం దాటాను. మళ్లీ పెంచాడు. చివరికి మెట్ల మీంచి వెనక్కి పిలిపించుకుని, మొదట చెప్పినదానికి రెట్టింపు పుచ్చుకున్నాను. సర్వహక్కులూ శాశ్వతంగా అతనివేనన్న కాగితం మీద సంతకం చేశాను. అంత ధర ఇచ్చినవాణ్ని ఒట్టి చేతులతో పంపడం మా ఇంటావంటా లేదు కనుక, అట్టపెట్టెలో ఉన్న అసలు బొమ్మలన్నీ, ఇంకా అచ్చుకాని కథల చిత్తుబొమ్మలతో సహా, కొసరుగా అతని బల్ల మీద పెట్టేశాను.

కొసరు వేయని కొట్టుకి మరుసటి వారం మనిషి రాదు. మా నాన్న ఉప్పు కొలిచాక ఒక గుప్పెడు, ఎండుచేపలు తూచాక ఒక తోక ముక్క పైన పడేసేవాడు. ఆ గుప్పెడు ఖరీదు ముందే ఉప్పు ధరలో కలిపేసి ఉంటాడన్నది వేరే సంగతి. నేను ఆ విద్యలో సగమే నేర్చుకున్నాను. వేయడం వచ్చింది, కలపడం రాలేదు.

ఆ పుస్తకంలో ఒక కొండ గుంట ఉండేది; మా వైపు ఆడపిల్లని గుంట అంటాం. కొట్టుకి చింతపండు, పిప్పళ్లు తెచ్చే ఆడవాళ్లందరినీ కలిపి పొట్లాల కాగితాల మీద గీసి గీసి తయారుచేసిన పిల్ల. ముక్కుకి మూడు పోగులు, భుజం మీద ముడేసిన పొట్టి చీర, నెత్తిన బుట్ట. అన్నిటికన్నా ముఖ్యం ఆ చూపు. నాన్న తూకం వేస్తుంటే తక్కెడ ముల్లునీ ఆయన వేళ్లనీ వాళ్లు మార్చి మార్చి చూసే చూపు అది. నా బతుకులో నేను సొంతంగా పండించిన సరుకు ఆ పిల్ల ఒక్కతే. తక్కినదంతా కొని అమ్మినదే.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే నాన్న చేతిలో తక్కెడ దించాడు.

“ఏటిరా, పెట్టితో ఇచ్చీసినావా?”

“కొసరు నాన్నా.”

“కొసరంటే గుప్పెడురా. గాదె ఊడ్సి ఇచ్చీసి కొసరంతావేటి?”

నవ్వేశాను. ఉప్పూ కిరసనాయిలూ అమ్ముకునే మనిషికి బొమ్మల వ్యాపారం ఏం తెలుసులే అనుకున్నాను.

టీవీలు పెరిగేకొద్దీ నేను బొమ్మలు వేసే పిల్లల పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రెండువేల సంవత్సరం దాటాక హైదరాబాదులోనే ఒక యానిమేషన్ స్టూడియోలో స్టోరీబోర్డు పనికి చేరాను. కార్టూను తీయబోయే ముందు కథంతా చిన్న చిన్న గళ్లలో పెన్సిలుతో గీసి, ఏ షాటు ఎలా ఉండాలో చూపించే పని. గడికి ఇంతని కూలి. అక్కడా నా కొసరు బుద్ధి పోలేదు. అడిగిన గళ్ల పైన నాలుగైదు ఊరికే గీసి ఇచ్చాను. సంతలో అయితే మనిషి సంతోషించి మళ్లీ వస్తుంది. స్టూడియోలో మరుసటి వారం నుంచి ఆ పైవి కూడా అందరూ ఊరికే గీసి ఇవ్వాలన్నారు. పక్కబల్లల వాళ్లు నన్ను టీకి పిలవడం మానేశారు.

ఒకరోజు సూపర్‌వైజరు కొత్త సీరియల్ తాలూకు మోడల్ షీటు నా బల్ల మీద పెట్టాడు. పాత్ర ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటుందో చూపే కాగితం అది. చూస్తే మా గుంట. ప్రచురణకర్త ఎవరికో అమ్మాడు, వాళ్లు వీళ్లకు పని ఇచ్చారు.

“ఇది నేను పుట్టించిన పిల్ల” అన్నాను.

“అరే, మీదేనా అన్నా! అయితే మీకు ఇంకా ఫాస్ట్ వస్తది. ఈ ముక్కు రింగులు తీసేద్దాం. అన్ని వేల బొమ్మల్ల మూడు మూడు రింగులు ఎవడు గీస్తడు?”

నేను ఒప్పుకోలేదు. మూడూ ఉండాల్సిందేనని కూర్చున్నాను. ఒకటి ఉంచుతానన్నాడు. గడికి కాస్త కూలి పెంచితే ఆ ఒకటీ వదిలేస్తానన్నాను. పెంచాడు. ఆ సాయంత్రం బిర్యానీ పొట్లం కట్టించుకుని గదికి వెళ్లాను.

తర్వాత బుట్ట పోయింది, షాటులో తల తెగుతోందని. చూపు పోయింది, పిల్లలు జడుసుకుంటారని. గుండ్రటి కళ్లు వచ్చాయి. ఆ కళ్లను రెండేళ్లపాటు రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీశాను.

విదేశాల ఆర్డర్లు ఆగిపోయి స్టూడియో మూతపడితే, రైలు మారి, అరకు మీదుగా పోయే కిరండూల్ రైలెక్కి ఇంటికొచ్చాను. ఒక సంత రోజున కొట్లో టీవీలో ఆ కార్టూనే వస్తోంది.

నాన్న కళ్లజోడు సర్దుకుని చూశాడు. “బాగానే ఉందిరా. ఏ ఊరి పిల్ల?”

“మన గుంటే నాన్నా.”

“మన గుంట కాదు. మన గుంట తక్కెడకేసి సూసీది. ఇది నాకేసి సూసి నవ్వుతంది.” పొట్లాల కాగితం ఒకటి నావైపు తోశాడు. “పాతది గియ్యి, సూద్దాం.”

గీశాను. గుండ్రటి కళ్లొచ్చాయి. కాగితం తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఉప్పు కోసం వచ్చిన ఒకామె మూడు పోగులతో ఎదురుగానే నిలబడి ఉంది, తక్కెడని చూస్తూ. ఆమెను చూస్తూనే గీశాను. చెయ్యి మళ్లీ ఆ నవ్వే మొహాన్నే గీసింది. దానికి మూడు పోగులు తగిలిస్తే వేషం వేసినట్టుంది.

“సావుకారీ, బేగి ఇయ్యి, జీపెల్లిపోద్ది” అంది ఆమె.

నాన్న ఆ కాగితాన్నే చుట్టి, ఉప్పు పోసి, ఆమె చేతికిచ్చాడు.

అసలు బొమ్మల కోసం ప్రచురణకర్తకు ఫోను చేశాను. ఆఫీసు మారినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి వేసేశామన్నాడు. మర్యాదగానే చెప్పాడు.

ఇప్పుడు కూర్చుని లెక్క వేస్తే, వచ్చింది ఒక పాత స్కూటరు, కొన్నేళ్ల ఇంటి అద్దె, భోజనాలు, బిర్యానీతో కలిపి. దళసరి అద్దాల కళ్లజోడు ఒకటి. పోయింది ఆ పిల్ల, ఆ పిల్లను గీయగలిగిన చెయ్యి. మోసం కింద ఏమైనా రాసుకోవచ్చేమోనని చాలాకాలం వెతికాను. అడిగిన ధర ఇచ్చారు, చెప్పిన రోజుకే ఇచ్చారు, కాగితం చదివే సంతకం చేశాను. నాకు ఎవరూ ఒక్క పైసా బాకీ లేరు.