నేవీ మింగేసిన మా ముత్తాత

పట్టుచీర కట్టుకుని, ఇంటినిండా జనాన్ని పిలిచి, మైకు పుచ్చుకుని మరీ తన పరువు తానే తీసుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చదవండి.

కెనడాలో, మా కాల్గరీలో ఏ బేస్‌మెంటు చూసినా స్టూడెంట్లతో కిటకిటలాడుతున్న రోజులవి. మా కిందకి సింధు అనే గోదావరి పిల్ల అద్దెకు దిగింది. "చేపలు వేయించావో, ఖాళీ చేయిస్తా" అని తాళంచెవితో పాటే వార్నింగూ ఇచ్చాను.

అప్పుడు నా ప్రాణమంతా మా ముత్తాత మీద ఉండేది. అంటే మా అమ్మకు తాత. కాకినాడ రేవులో ఓడెక్కి, దొరల నేవీలో చేరి, యుద్ధంలో సముద్రం పాలయ్యాడని మా ఇంట్లో చెప్పేవారు. వాంకూవర్ రేవులో నావికులకు స్మారకంగా గోడ కడుతున్నారని విని, దాని మీద ఆయన పేరు చెక్కించాలని పంతం పట్టాను. రుజువు తెమ్మన్నారు. లండన్‌లో రికార్డుల ఆఫీసుకు ఫోన్ కొట్టాను.

"ఆ పేరుతో ఎవరూ లేరు మేడమ్."

"అంటే మనిషినీ మింగి, కాగితాన్నీ మింగారన్నమాట!"

"ఆయన అసలు నేవీలో చేరి ఉండకపోవచ్చు..."

"మా వంశాన్ని అబద్ధాలకోరు వంశం అంటారా? పిలవండి మీ మేనేజర్‌ని!"

మేనేజరూ అదే కూశాడు. అతన్నీ ఉతికి ఆరేశాను. కాకినాడలో ఉన్న మా పెద్దమామయ్యకు చెబితే, "పోయినోళ్ల గొడవ మనకెందుకే, వదిలెయ్" అని నసిగాడు. బుర్ర ఉన్నదైతే అక్కడే ఆగేది. నాకు బుర్ర ఉండాల్సిన చోట కోపం ఉంది.

ఇంట్లోనే సంస్మరణ సభ పెట్టాను. అమ్మ పెట్టెలో దొరికిన ఫోటోను తలుపంత చేయించి, దండ వేసి, మైకులో ఊగిపోయాను.

"ఈ నుదుటి మీద గాటు చూడండి! శత్రువుల ఫిరంగి పెట్టిన గాటు! ఇంత వీరుణ్ణి రికార్డుల్లోంచి చెరిపేస్తారా?"

చప్పట్లు మోగాయి. పులిహోర వడ్డిస్తున్న సింధు గరిటెతో సహా ఫోటో ముందు ఆగిపోయింది.

"ఆంటీ, ఈయన మా తాతయ్యండి."

"మతిపోయిందా? ఈయన సముద్రంలో పోయాడు."

"కాదండి, సామర్లకోటలో పోయారు. మా హాల్లో ఉందండి ఫోటో. ఆ గాటు చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడితే వచ్చిందంటండి. నీళ్లంటే చచ్చేంత భయమంట. పుష్కరాలకెళ్లినా గట్టు మీదే చెంబుతో పోసుకునేవారంట."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడికక్కడే మామయ్యకు ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్ చేశాను, జనం ముందు ఆ పిల్ల నోరు మూయిద్దామని.

"నిజమేనే," అన్నాడు మామయ్య. "నేవీ లేదు, గాడిదగుడ్డూ లేదు. సామర్లకోటలో రైసుమిల్లు వాళ్లమ్మాయిని రెండో పెళ్లి చేసుకుని ఇల్లరికం పోయాడు. ఇంటిపేరు కూడా వాళ్లదే పెట్టుకున్నాడు. మొగుడు ఇల్లరికం పోయాడనే కంటే నేవీలో పోయాడంటే మర్యాదని మా నాయనమ్మ అలా చెప్పుకొచ్చింది."

"మరి నాకు చెప్పవేం?"

"నువ్వు చెప్పనిస్తేగా!"

గోడ మీద పేరు సంగతి సరే, గోడకు తల కొట్టుకోవాలనిపించింది. ఈలోగా మా జనం ఊరుకుంటారా? పులిహోర ప్లేట్లు పక్కన పడేసి వరసలు కట్టడం మొదలెట్టారు. ముత్తాత లేటు పెళ్లికి పుట్టిన కొడుకు, ఆ కొడుక్కి ఇంకా లేటుగా పుట్టిన సింధు. అంటే మా అమ్మకు చెల్లెలు. అంటే నాకు...

"పిన్నిని!" అంది ఆ పిల్ల, గరిటె ఊపుతూ.

మర్నాడే కింద నుంచి చేపల వేపుడు వాసన వచ్చింది.

"సింధూ! రూలేంటి?" అని మెట్ల మీంచి అరిచాను.

"పిన్నితో మాట్లాడే పద్ధతేనా అమ్మాయ్? కిందికొచ్చి తిను."

వెళ్లాను. తిన్నాను కూడా. ముత్తాత తరఫున నాకు దక్కిన సముద్రం ఆ వేపుడొక్కటే మరి.

లండన్ వాళ్లకు మాత్రం సారీ చెప్పలేదు. అంత పెద్ద నేవీ పెట్టుకుని మా ఒక్క ముత్తాతను చేర్చుకోలేకపోవడం ముమ్మాటికీ వాళ్ల తప్పే. అయినా ఆ చేపల మూకుడు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నా వంశంలో వీరుల కోసం వెతకను, ఏ దేశపు నేవీనీ నిలదీయను, అద్దెకొచ్చేవాళ్ల తాతగారి ఫోటో చూడందే బేస్‌మెంటు తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వను.