టీవీ గదిలో అమ్మ చదివిన కాగితం

నాకప్పుడు తొమ్మిదేళ్ళు... తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో మా ఊరు. పంచాయతీ టీవీ చెడిపోయాక ఏడాదిగా తాళం పడి ఉన్న గదిని, ఊరి ఆడవాళ్ళే కడిగి, సున్నం కొట్టి, చదువుకునే చోటు చేసుకున్నారు. పలకలు, ఒక నల్లబోర్డు, కింద ఈతచాప... అంతే.

మా వీధిలో పన్నెండో తరగతి చదివిన రాజేశ్వరక్క పాఠం చెప్పేది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, అక్కడ దిద్దేది తమిళ అక్షరాలు. తీపెట్టి ఆపీసులో, అంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, పని దిగి అమ్మ నన్ను వెంటబెట్టుకుని నేరుగా వచ్చేది. ఎంత కడిగినా ఆమె చేతులకు అగ్గిపుల్లల మందు వాసన పోయేది కాదు.

అంతకు ముందు ఏడు, అదే ఫ్యాక్టరీలో మందు కలిపే గదికి నిప్పంటుకుని నాయన పోయాడు. ఆ గదికి రెండో తలుపు పెట్టమని ఆయన ఎన్నిసార్లు అడిగాడో... పదో రోజున ఫ్యాక్టరీ గుమాస్తా కాగితం తెచ్చాడు. "సాయం వచ్చేకిమ్మా, ఏలు పెట్టు" అన్నాడు. అమ్మ వేలిముద్ర వేసింది. నకలు ఒకటి ఇచ్చిపోతే రేకు పెట్టెలో చీరల కింద దాచింది.

ఆరు నెలలు దిద్దాక, ఒక సాయంత్రం ఆ కాగితం గదికి తెచ్చింది. అక్షరాల కింద వేలు జరుపుతూ, కూడబలుక్కుంటూ, పైకే చదివింది... నా భర్త అజాగ్రత్త వల్లనే నిప్పు పుట్టింది... యజమాని తప్పేమీ లేదు...

"సరిగ్గా చదివినానా, రాజేశ్వరీ?"

"సరిగ్గానే చదివినావత్తా."

అమ్మ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు... పలక మీద ఎక్కం రాస్తూనే ఉన్నాను. ఆమె కాగితం మడిచి, పాఠం అయ్యేదాకా కూర్చుంది. మర్నాడు మామూలుగానే అదే పనికి పోయింది. మాకు ఇంకో దారి లేదు.

ఆదివారం మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. "మే లక్ష్మీ, ఏ కాయితమైనా గదికి ఎత్తుకొని రా. చదివినాకనే ఏలు పెట్టు." లక్ష్మి వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు. రెండేళ్ళకల్లా గుమాస్తా వస్తే, "ఇచ్చిపోన్నా, చదివి చెప్తాము" అనేవాళ్ళు. అతను కాగితం ఇవ్వకుండానే తిరిగిపోయిన రోజులూ ఉన్నాయి. నాయన గురించి రాసింది మాత్రం అట్లాగే ఉండిపోయింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గది పోయింది. రాజేశ్వరక్క విరుదునగర్‌లో స్థిరపడింది. ఇప్పుడు మా వీధిలో చదువు రానివాళ్ళు లేరు... అయినా ఫోన్‌లో ఏదొచ్చినా చదవకుండానే సరేనని నొక్కేస్తున్నాం. నేను కూడా...

మీ ఇంట్లో పెద్దవయసులో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు ఉన్నారా? సొంతంగా వాళ్ళు మొదట చదివిందేమిటో ఎప్పుడైనా అడిగారా?