ఎర్రగీత పడనివ్వని మా అత్త

“మీ అత్తమ్మ సొమ్మసిల్లిందమ్మా, కొంచెం బిరీన రాండి” అని ఆసుపత్రి నుంచి సిస్టరు ఫోన్ చేసినప్పుడు నేను కర్నూలులో ఆటో కోసం నిలబడి ఉన్నాను. పొద్దున ఎనిమిది కాలేదు. చేతిలో ఫ్లాస్కు, అందులో ఆమెకు రాగి జావ. ఇంకొకరైతే నీళ్లు చల్లితే లేస్తుందిలే అనుకుని పరిగెత్తేవాళ్లు. నేను మాత్రం మూసి ఉన్న ఒక అంగడి మెట్ల మీద కూలబడిపోయాను. ఆసుపత్రిలో ఆ మాట ఎప్పుడు వాడతారో నాకు చెప్పింది మా అత్తే. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టి, “ఏమ్మా, వస్తాండారా ల్యాదా?” అని అడిగి వెళ్లిపోయాడు. మా అత్త పోయిందని నాకు అక్కడే తెలిసిపోయింది. డాక్టరు నోటితో విన్నది ఇంకో ముప్పావు గంటకు.

మా అత్త అంటే మా నాయనకు చెల్లెలు. కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా నర్సు పని చేసి, రిటైరయ్యాక సొంతూరు వేంపల్లెకు వచ్చేసింది. ఊళ్లో అందరికీ సిస్టరమ్మ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదత్తా అంటే, “డ్యూటీ మార్చుకునేవాళ్లు దొరకల్యా” అని నవ్వేసేది. నేను కడపలో ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెప్తాను. పుట్టుపిరికిదాన్ని. ఉరుమంటే భయం, లిఫ్టంటే భయం, పెందలాడే ఫోన్ మోగితే భయం. చావుల మధ్య తిరిగిన మా అత్తకు మాత్రం ఏ భయమూ లేదని చాలా కాలం అనుకున్నాను. ఉందని తెలిసింది ఒక ఆట వల్ల. చెప్తే మీకు నవ్వొస్తుంది, నవ్వండి.

మోకాలి ఆపరేషనయ్యి మంచం మీద ఉన్నప్పుడు, పొద్దుపోవడానికని నా పాత గేమ్ మిషను ఆమెకు ఇచ్చాను. చేతిలో పట్టేంతది, పుస్తకంలా మడిచి మూత వేయొచ్చు. మూత వేస్తే ఆరిపోదు, నిద్రపోతుంది. అందులో ఆట ఏమిటంటే, గడ్డిలో, గుట్టల్లో, నీళ్లలో వింత వింత జంతువులుంటాయి. వాటిని పట్టాలి, పెంచాలి, వేరే జంతువులతో పోరాడించాలి. వెంట ఆరింటిని తీసుకుపోవచ్చు. మిగతావి ఒక పెట్టెలో గదులు గదులుగా ఉంటాయి. ప్రతిదానికీ ఒక ప్రాణం గీత. దెబ్బలు తినే కొద్దీ పచ్చగీత పసుపవుతుంది, తర్వాత ఎర్రనవుతుంది, తర్వాత ఉండదు. అయినా ఆ ఆటలో ఏదీ చావదు. సొమ్మసిల్లింది అని తెర మీద వస్తుంది అంతే. ఆటలోనే ఊళ్లో ఉండే ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి నర్సు చిటికెలో లేపి ఇస్తుంది.

మొదటి వారంలోనే తప్పు చేశాను. ఆమె ఒక్కో మీట నొక్కడానికి అంతసేపు ఆలోచిస్తుంటే ఓపిక లేక, “ఇటివ్వత్తా” అని లాక్కుని, ఆమె మొట్టమొదట పెంచిన ఉడుతలాంటి దాన్ని ఒక కొండముచ్చు మీదికి తోలాను. గీత పోయింది. అది తలవాల్చి తెర కిందికి జారిపోయింది.

“ఏం కాదులే, సొమ్మసిల్లింది అంతే” అన్నాను.

“ఎవురు చెప్పినారు నీకు?”

“అక్కడే రాసుంది కదా.”

“మేమూ అట్లనే చెప్తాంటిమి పాపా. లోపల మనిషి అయిపోయింటాడు. డాక్టరొచ్చి చూసేదాకా మేం చెప్పగూడదు. బయట పెండ్లాం, బిడ్డలు నిలబడుకోనుంటారు. సొమ్మసిల్లినాడమ్మా, దూరముండేవాళ్లను పిలిపిచ్చుకోండి అంటాంటిమి. ఆ మాట ఎన్నితూర్లు చెప్పినానో నాకే తెల్దు.”

నేను గబగబా ఆటలోని ఆసుపత్రికి పోయి ఉడుతను లేపించి చూపించాను. చూడు, ఎట్లా గంతులేస్తోందో అన్నాను. ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని దాన్నే చూసింది.

“లేసినాది సరే. ఆ లేసినాది అదేనని యాడుండాది నమ్మకం? పోయినదాని బదులు అట్లాంటిదే ఇంగొకటి ఇచ్చినా మనకు తెలుస్తాదా?”

అప్పుడు పకపకా నవ్వాను. కడపకు తిరిగొస్తూ బస్సులో ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి ఆడిన ఆట అది. ఎన్ని వందలసార్లు ఎన్నిటిని సొమ్మసిల్లనిచ్చి, లేపించి, మళ్లీ తోలానో. వాటిలో నేను మొదట పట్టింది ఏదైనా మిగిలుందా అని ఆలోచిస్తే బస్సులో ఉక్కపోతగా అనిపించింది. మా అత్త ఆ ఉడుతను మళ్లీ పోరాటానికి తీసుకుపోలేదు. పెట్టెలో పెట్టేసింది. “అది అవతల ఒడ్డు చూసొచ్చినాది. దాన్నింక పని చెయ్యమనగూడదు” అంది.

ఆ తర్వాత ఐదేళ్లు ఆడింది. ఐదేళ్లలో ఒక్కటంటే ఒక్కదాన్ని సొమ్మసిల్లనివ్వలేదు. గీత పసుపు పడిందంటే చాలు, ఎంత దూరం పోయి ఉన్నా వెనక్కి తిరిగేది. వచ్చిన దారంతా నడుచుకుంటూ, గడ్డి తొక్కకుండా అంచులంట పోయి ఆసుపత్రి చేరేది. ఆ గుమ్మం చేరాకే సేవ్ చేసేది, మధ్యలో చేసేది కాదు. నేను రెండు గంటల్లో దాటే కొండ దాటడానికి ఆమెకు నెల పట్టింది. “పసుపులో ఉండగా మనం చూడాల. ఎరుపైతే ఇంగ దేవుడు చూడాల” అనేది. పెద్దది ఏదైనా ఎదురుపడితే సిగ్గులేకుండా పారిపో అన్న మీట నొక్కేది. నేను ఎగతాళి చేస్తే, “పారిపోయినోళ్లను నేను శానామందిని చూసినా. ఇప్పటికీ బతికుండేది వాళ్లే” అనేది.

వాటికి పేర్లు పెట్టలేదు. బెడ్డు నంబర్లు పెట్టింది. పొద్దున ప్రార్థన అయ్యాక రౌండ్సు. పెట్టెలో ఒక్కో గది తెరిచి, ఒక్కోదాని మీద వేలు పెట్టి చూసి మూసేది. అవి అందులో ఎప్పటికీ అట్లాగే ఉంటాయత్తా, ఏమీ కావు అంటే వినేది కాదు. చూసేవాళ్లు లేకపోతే ఏదైనా అవుతుందని ఆమె నమ్మకం. ఒకసారి చర్చి అయ్యగారు ఇంటి ప్రార్థనకు వచ్చి, తెర మీద కొమ్ములున్నదొకటి కనబడి ఉలిక్కిపడి, “ఏం సిస్టరమ్మా, ఈ దయ్యాలేంది?” అన్నాడు. “దయ్యాలు కాదు అయ్యగారూ, పేషెంట్లు” అని బదులిచ్చింది. ఆయన వాటిక్కూడా కలిపి ప్రార్థన చేశాడో లేదో తెలియదు గానీ, ఆ రోజు ప్రార్థన మాత్రం మామూలు కంటే పొడుగ్గా సాగింది.

ఆ ఆటలో ఆమెకు సరిపడనిది ఒక్కటే, ఆసుపత్రి నర్సు. జంతువులను బాగుచేసి ఇచ్చాక ప్రతిసారీ ఆ నర్సు తెర అడుగున ఇంగ్లీషులో ఒక మాట అంటుంది, మళ్లీ రండి అని.

“ఏం ఆడదే ఇది! ఆసుపత్రిలో నిలబడుకోని మళ్లా రమ్మంటాది!”

మన పక్క ఆసుపత్రి నుంచైనా, చావింటి నుంచైనా వచ్చేటప్పుడు పోయొస్తా అని చెప్పరు కదా. చెప్పకుండా లేచి రావాలి. మా అత్త చర్చి మనిషే అయినా ఈ ఒక్క దాంట్లో మహా పట్టుదల. డ్యూటీలో ఉన్న రోజుల్లో, ఇంటికి పోతున్న పేషెంట్లు అలవాటు కొద్దీ పోయొస్తాం సిస్టరమ్మా అంటే వెంటపడి తిట్టేది. “యాడికి వచ్చేది? పో. ఈ గడప మళ్లా తొక్కొద్దు, ఎనక్కి చూడొద్దు.” అందుకని ఆటలో ఆ మాట వచ్చే సమయానికి సరిగ్గా దాని మీద బొటనవేలు అడ్డం పెట్టేది. మోకాళ్లకు బామ్ పూసుకున్న వేలు. ఐదేళ్లు అదే చోట నొక్కి నొక్కి, తెర మీద అతికించిన ప్లాస్టిక్ పొర అక్కడ తెల్లగా మసకబారిపోయింది. తెర పాడు చేశావు, పొర మార్పిస్తా ఇవ్వత్తా అంటే ఇవ్వలేదు.

పోయిన ఏడాది నుంచి ఆమెకు ఆయాసం మొదలైంది. నాకు తెలియనివ్వలేదు. రోజూ సాయంత్రం బడి నుంచి వస్తూ ఫోన్ చేసి, “ఏ రంగులో ఉండావత్తా?” అని అడిగేదాన్ని. “పచ్చగా ఉండా” అనేది. వెనక అరటికాయల లారీ హారన్లు వినబడేవి, వాటి మధ్య ఆమె ఊపిరి ఎగపోసుకోవడం కూడా వినబడేది. విన్నాను. అడిగితే పసుపు అంటుందేమోనని భయపడి అడగలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను. పాదాలు వాచి చెప్పుల్లో పట్టకపోతే పక్కింటామె నాకు ఫోన్ చేసింది. అప్పుడు కర్నూలు తీసుకుపోయాం.

ఆసుపత్రిలో ఏడో నంబరు మంచం ఇచ్చారు. “ఆరు నా చేతిలో ఉండాయి, ఏడోది నేను” అని మిషను చూపించి నవ్వింది. చివరి రోజు మధ్యాహ్నం బాగానే ఉంది. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకునే ఆడుతోంది. నేను పోయేసరికి చిన్నపిల్లలా తెర నా వైపు తిప్పింది. ఐదేళ్లుగా వెతుకుతున్నది దొరికిందట, దానికి చోటు కోసం ఆరింటిలో ఒకదాన్ని ముందే పెట్టెలో పెట్టిందట. వెన్నరంగులో, చెవులు పెద్దవి, పిడికెడంత ప్రాణి. “దెబ్బ కొట్టకుండా పట్టినా” అంది. దాన్ని తీసుకుని ఆటలోని ఆసుపత్రికి నడుస్తుంటే గడ్డిలోంచి ముళ్ల పందిలాంటిది అడ్డం దూకింది. అంతలో ఆమెకు దగ్గు తెర వచ్చింది. తగ్గాక చూస్తే మూడో బెడ్డు గీత ఎర్రగా ఉంది. ఆమె ఆటలో ఎర్రగీత చూడడం నాకు అదే మొదలు.

“చూసుకోల్యా పాపా” అంది. అట్లా అన్నప్పుడు ఆమె కళ్లలో భయం కనబడింది. “మూత వెయ్యి. ఆర్పొద్దు. ఆర్పితే తెల్లది పోతాది. రేపు చూస్తా.”

నిజమే. సేవ్ చేయలేదు. పోరాటం మధ్యలో చేయడానికి వీల్లేదు. ఆర్పితే ఆ తెల్లది అసలు దొరకనట్టే.

చూసేవాళ్ల టైమ్ అయిపోయిందని వార్డుబాయ్ అందరినీ లేపుతున్నాడు. నేను సంచి సర్దుకుని, మిషను ఛార్జింగు కోసం తీసుకుని, తొందరలో అనేశాను: “పోయొస్తా అత్తా.”

అన్నాక నాలుక కరుచుకున్నాను. తిడుతుందని చూశాను. తిట్టించుకోవాలని నిలబడ్డాను కూడా. ఆమె నా వైపు చూసి, “సరే, పోయిరా పాపా” అంది.

మర్నాడు పొద్దున ఆ ఫోన్ వచ్చింది.

వేంపల్లెలో మట్టి చేశాం. ఓదార్పు ప్రార్థనల ఆదరణ కూటమి అయ్యింది. అందరూ ఆమె సేవ గురించి చెప్పారు. పోయొస్తా, పోయిరా అన్న ఆ రెండు మాటల గురించి నేను చెప్పలేకపోయాను. ఒక మాటతో ప్రాణాలు పోవని నాకూ తెలుసు. తెలిసీ ప్రతి పొద్దునా నిద్రలేస్తూనే అదే గుర్తొస్తుంది. మిషనును దారంతా కారులో ఛార్జింగు పెట్టుకుంటూ తెచ్చి, మూత తీయకుండా, కడపలో ఛార్జరు పెట్టి బీరువా మీద ఉంచాను. బడికి పోయినా దాని మీదే ధ్యాస. బ్యాటరీ పాతది, కరెంటు పోతే అరగంట ఆగదు. కరెంటు పోయిన ప్రతిసారీ ఇల్లు చేరేదాకా ప్రాణం కుదుట పడేది కాదు. మూత తీద్దామంటే చేతులు రావు. మూడో బెడ్డు నా చేతిలో పోతే? ఉడుత కూడా నా చేతిలోనే పోయింది కదా.

పోయిన ఆదివారం మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నారు, సాయంత్రం దాకా రాదన్నారు. ఇరవై నిమిషాలకు మిషను మీద ఎర్రదీపం వెలిగింది. ఇంక తప్పదని మూత తీశాను.

మూడో బెడ్డు ఆమె వదిలిన చోటే నిలబడి ఉంది, ఎదురుగా ముళ్ల పంది. పారిపో అన్నది నొక్కాను. పారిపోలేకపోయారు అని వచ్చింది. ముళ్ల పంది దూకింది. ఎర్రగీత వెంట్రుకవాసి మిగిలింది. చెమటకు వేళ్లు జారుతున్నాయి. “అత్తా, అత్తా” అని గట్టిగానే అన్నాను. మళ్లీ నొక్కాను. ఈసారి తప్పించుకున్నాం.

ఆమె నడిచినట్టే నడిచాను. గడ్డి తొక్కకుండా, గట్టు అంచులంట, ఒక్కో అడుగు. దీపం గబగబా కొట్టుకుంటోంది. ఆసుపత్రి గుమ్మం వచ్చింది. నర్సు ఆరింటినీ తీసుకుంది. ఒకటి, రెండు, మూడు, చివర్న తెల్లది, అన్నీ పచ్చగా నిండాయి. నర్సు వంగి నమస్కారం పెట్టి ఏదో అంది. వేలు అడ్డం పెట్టబోయాను. అక్షరాలు సరిగ్గా మా అత్త వేలి మచ్చ కిందే వచ్చాయి, మసకలో ఒక్కటి కూడా కంటికి ఆనలేదు.

గుమ్మం బయటికొచ్చి సేవ్ చేశాను. అయ్యింది అని చూపించిన మరుక్షణం దీపం ఆరి తెర నల్లబడింది. ఆ నలుపు మీద బొటనవేలంత మచ్చ తెల్లగా కనబడుతోంది. పోయొస్తా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, ఏమీ చెప్పకుండా మూత వేశాను.