దసరా తోరణం కట్టిన చోట

రేపల్లె రోడ్డు మీది మా రైసుమిల్లులో ఇరవై రెండేళ్ళు ఎలివేటరు చూసుకున్నవాడు రామకోటి. ధాన్యం పైకెక్కే మోత వినే, ఎక్కడ పట్టేసిందో చెప్పేవాడు. మూడంతస్తుల ఎత్తున ఇనప ప్లాట్‌ఫారం మీద మేం బెదురుతూ నడుస్తుంటే, "అత్తారింటికొచ్చినట్టు ఆ సిగ్గేంటిరా!" అని ఏడిపించేవాడు.

నేను ఆ మిల్లు ఫిట్టరు బసవపున్నయ్యను. దసరాకు ముందు కొత్త మోటారు పైకి లాగడానికి ప్లాట్‌ఫారం అంచున రెండు గజాల రెయిలింగు పైపు కోసింది నేనే. తిరిగి వెల్డింగు పెడదామంటే, "నిప్పురవ్వలు పడతాయి, మిల్లు ఆపాలి. సీజను పోనీవయ్యా" అన్నాడు ఓనరు. సరేనన్నాను. అప్పుడే నా నోరు పడిపోవాల్సింది!

ఆయుధపూజ నాడు రామకోటి మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాడు. ఆ ఖాళీ బోసిగా ఉందని పురికొసకు మామిడాకులు గుచ్చి అడ్డంగా కట్టాడు. ముచ్చటగా ఉందని అందరం మెచ్చుకున్నాం. చూసి చూసి, అక్కడ పైపు లేదన్న సంగతే మరిచిపోయాం. పూజ చేసిన చోటని వాడు చెప్పులు కింద విడిచి ఎక్కేవాడు. పదిహేను రోజులకు తవుడు మీద కాలు జారి, పట్టుకోబోయింది ఆ తోరణాన్నే.

అంతెత్తు నుంచి పడి నడుం కింద చచ్చుబడిపోయింది. ఇక లేవడని తెనాలి డాక్టరు చెప్పేశాడు. ఆ పని వాడి బావమరిది చిన్నయ్యకిస్తానన్నాడు ఓనరు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే అదొక్కటే దారి. కానీ పైపు పెట్టేదాకా పైకెక్కనని రామకోటి మంచంలోంచే చిన్నయ్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

నేనెప్పుడు వెళ్ళినా అదే ప్రశ్న. "పున్నయ్యా, పైపు పెట్టావా?"

నెల గడిచినా సీజను పోలేదు, మిల్లు ఆపలేదు. ఇక వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు ఓనరు. రామకోటి భార్య అంకాలమ్మ వాకిట్లో నా చేతులు పట్టుకుంది. "పెట్టేశానని చెప్పన్నయ్యా. నీ కాళ్ళకు మొక్కుతా."

సొంత తమ్ముణ్ణి అక్కడికి పంపడానికి బతిమాలుతోంది ఆ ఆడమనిషి. లోపలికెళ్ళి, "పెట్టేశాను" అన్నాను.

రామకోటి రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. "నా తండ్రే! ఒరే చిన్నయ్యా, రేపట్నుంచి పోరా పనికి!"

మర్నాడు చిన్నయ్య పైకెక్కి ఆ ఖాళీ చూశాడు. తెగిన పురికొస, ఎండిన ఆకులు ఇంకా వేలాడుతున్నాయి. నన్ను తిట్టినా బాగుండేది.

"బావతో చెప్పమాకన్నా" అని, తెగిన కొసలు రెండూ దగ్గరకు లాగి ముడేశాడు.