పొయ్యికొక సీసా

పెద్ద కూల్‌డ్రింక్ సీసా మూత తిప్పగానే బుస్సుమని గాలి పోయి, ఆ వెనకే ముక్కుకు తగిలే నారింజ వాసన ఎవరికైనా ఎండాకాలాన్నో పెళ్లి విందునో గుర్తు చేస్తుంది. నాకు మాత్రం అందులో పచ్చికట్టెల పొగ కలిసే వస్తుంది. కామారెడ్డిలో మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన నిలబడి గ్లాసుల్లోకి ఒంపుతున్నా సరే, కళ్లు మండినట్టే ఉంటుంది. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

మాది ఎల్లారెడ్డి వైపు చిన్న ఊరు. ఆషాఢం సగం దాటినా వాన జాడ లేక, మొలిచిన మక్కచేలు తలలు వాల్చేస్తే, ఊరు ఊరంతా ఒక రోజు ఇండ్లు విడిచి వనభోజనాలకు పోయేది. తెల్లవారకముందే వాకిళ్లు అలికి ముగ్గులు పెట్టి, పొయ్యిలో బూడిద ఎత్తిపోసి, తలుపులకు తాళాలు వేసి, మేకలూ కోళ్లూ చంటిపిల్లలూ, మంచం పట్టిన ముసలివాళ్లతో సహా ఊరి బయటి మామిడితోటకు చేరుకోవాలి. పొద్దు గూకేదాకా ఊళ్లో మనిషి అడుగు పడకూడదు, పొగ లేవకూడదు. ఆ పూట ఊళ్లో దేవతలు తిరుగుతారని పెద్దలు చెబితే, మా ఇంటి గడప ఎక్కి లోపల ఏం చూస్తారోనని నేను తోటలో కూర్చుని తెగ ఆలోచించేదాన్ని. తోటలో ఇంటికో మూడురాళ్ల పొయ్యి వెలిగేది. ఉడుకుతున్న కోడికూర ఘుమఘుమ, మోదుగాకు విస్తర్ల మీద వేడన్నం పడ్డప్పటి పచ్చివాసన, పచ్చిపులుసులోకి పిసికిన ఉల్లిగడ్డ ఘాటు, బొబ్బట్లలా కాల్చే పోలెల బెల్లం వాసన, ఆడపిల్లలం చెట్టు కింద ఆడే కచ్చకాయల చప్పుడు అన్నీ కలిసి ఒకే జ్ఞాపకంగా మిగిలాయి.

తాగడానికి అంతకుముందు గంగాళం నిండా నిమ్మకాయ షర్బత్ కలిపేవారు. ఆ ఏడు మాత్రం గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాళ్లు కూల్‌డ్రింక్ కావాలని పట్టుబట్టారు. ఊరి కమిటీ పెద్ద రాజన్న తాత కచ్చీరు గద్దె మీద పంచాయితీ పెట్టాడు. సీసాలూ మంచుగడ్డలూ కామారెడ్డి నుంచి రావాలి కాబట్టి ఎన్ని కావాలో ముందే చెప్పాలి. మనిషికింత అని లెక్క పెడదామన్నాడొకడు. "సంకల పిల్లను లెక్కవెట్టాల్నా, వద్దా? పొద్దుగాల సుట్టాలు దిగితే వాళ్లకేం పోస్తవ్?" అని తాత అడిగాడు. చివరికి తాతే తేల్చాడు. "పోచమ్మకు బియ్యం పొయ్యి లెక్కనే తీస్తున్నం గద. గిది గూడ గంతే. పొయ్యికొక పెద్ద సీస."

మా వైపు పొయ్యి అంటే కాపురం. అన్నదమ్ములు వేరుపడితే పొలాల పంపకం ఎప్పటికో జరుగుతుంది గాని, ముందు రెండో పొయ్యి పడుతుంది. ఆ లెక్కలో పొరపాటేమిటో ఆ రోజు ఎవరికీ తట్టలేదు. కొత్తగా వేరుపడ్డ మొగుడూ పెళ్లాలకూ ఒక సీసానే, ఇంటి నిండా మనుషులున్న ఉమ్మడి కాపురానికీ ఒక సీసానే.

మాది పదకొండు మంది ఉన్న కాపురం. నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమెకు ఇద్దరు కొడుకులు, మా బాపు, చిన్నబాపు. బోరు నీళ్లు ముందు ఎవరి మడికి పారాలన్న దగ్గర మొదలైన మాటలు ఆ ఎండాకాలమంతా ముదిరి, చిన్నబాపు వేరుపడతానన్నదాకా వచ్చాయి. అవ్వ అతని గడ్డం పట్టుకుని బతిమాలింది. వనభోజనాల్లో ఊరంతా చూస్తుండగా తన కొడుకులిద్దరూ ఒక్క పొయ్యి దగ్గర కూర్చుని తినాలి, ఆ తర్వాత మీ ఇష్టమంది.

రాజన్న తాత మా ఇంటికి వచ్చేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"వదినే, మీయి ఎన్ని పొయ్యిలనుకోవాలె?"

"ఎన్నేంది? ఎప్పటి తీరుగ ఒక్కటే."

మంచం మీద పడుకున్న చిన్నబాపు లేచి కూర్చున్నాడు. "రెండనుకో కాకా. పదకొండు మందికి ఒక్క సీస ఏం సరిపోతది?"

పిల్లలం ఎగిరి గంతేశాం. అవ్వ చేతిలో చాట ఆగిపోయింది. "సీస కోసం అంటున్నవా, పొయ్యి కోసం అంటున్నవా బిడ్డా?" అని అడిగింది. చిన్నబాపు చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. బాపు తల వంచుకుని తాడు పేనుతూనే ఉన్నాడు.

ఆ పొద్దు ఊళ్లో మరో వింత జరిగింది. సీసాల ఆశకు ఏ గొడవా లేని ఉమ్మడి కాపురాలు కూడా మావి రెండు పొయ్యిలు, మావి మూడు అని చెప్పేశాయి. ఎన్నడూ ఒకరినొకరు విడిచి ఉండని తోడికోడళ్లు కూడా వేరుపడ్డామని నవ్వుకుంటూ చెప్పారు. రాజన్న తాతకు తిక్క రేగింది. "ఒక్క పూటల ఊరంత ఇడిపోయిందా? మంట కనవడ్డకాడనే సీస వెడ్త, లేకుంటె లేదు" అని చాటింపు వేయించాడు.

దాంతో తోట నిండా దొంగ పొయ్యిలు వెలిశాయి. అసలు పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, దాని పక్కనే మూడు రాళ్లు పేర్చి, ఉత్త నీళ్లగిన్నె ఎక్కించి, పుల్లలు ఎగదోస్తూ ఆడవాళ్లు పకపకా నవ్వుకున్నారు. చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ కూడా కాస్త ఎడంగా, ఇంకో చెట్టు కింద రాళ్లు పెట్టింది. "అందరి తీరే మనది గూడ" అని అవ్వ మా అమ్మతో ఒకటికి రెండుసార్లు అంది. ఆ మాట ఆమె తనకు తాను చెప్పుకుంటోందని ఇప్పుడు తెలుస్తోంది. కాసేపు చూసి, ఉండబట్టలేక లేచి వెళ్లి చిన్నమ్మ గిన్నె మూత ఎత్తింది. లోపల కడిగి పోసిన బియ్యం ఉన్నాయి.

అవ్వ మూత మెల్లగా పెట్టేసింది. అంతలో చిన్నమ్మ, కట్టెలు పచ్చివి కావడంతో మంట అంటుకోక, అగ్గిపెట్టె కోసం మా అమ్మను కేకేసింది.

"అగ్గిపెట్టె ఎందుకే, మన పొయ్యిల నిప్పుండంగ" అంది అవ్వ. మా పొయ్యిలోంచి మండుతున్న కట్టె ఒకటి లాగి, తానే మోసుకుపోయి, చిన్నమ్మ రాళ్ల మధ్య పెట్టి, మోకాళ్ల మీద వంగి మంట లేచేదాకా ఊదింది. కళ్లు, ముక్కు ఏకధారగా కారాయి. పొగకేనని అందరూ అనుకున్నారు. రాజన్న తాత వచ్చి మంట చూసి, మారు మాట్లాడకుండా అక్కడ ఒక సీసా పెట్టి పోయాడు. ఆ పూట చిన్నబాపు ఆ పొయ్యి దగ్గరే తిన్నాడు, బాపు మా పొయ్యి దగ్గర తిన్నాడు. నేను స్టీలు గ్లాసులో పోసి తెచ్చిస్తే అవ్వ ఒక్క గుక్క తాగి, "గొంతుల గుచ్చుతున్నది, నువ్వు తాగు" అని తిరిగిచ్చేసింది. నేను సంతోషంగా తాగేశాను.

పొద్దు వాలాక దొంగ పొయ్యిలన్నింటి మీదా అవే గిన్నెల్లోని నీళ్లు కుమ్మరించి, రాళ్లు కాళ్లతో తన్నేసి, ఆ తోడికోడళ్లంతా కలిసి బండ్లెక్కారు. మా చిన్నమ్మ మరునాడు వెనక వసారాలో కొత్త పొయ్యి అలికింది. ఆ వారమే వాన పడింది. ఊరంతా సంబరపడింది. అవ్వ కూడా వాకిట్లో నిలబడి వానకు దండం పెట్టింది గాని, ఆ తర్వాత ఏ వనభోజనాలకూ సంతోషంగా బయల్దేరినట్టు నాకు గుర్తులేదు. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం వస్తుంది.

ఇప్పుడు ఆ మామిడితోట ప్లాట్లయింది. వనభోజనాలు ఒక ఫంక్షన్‌హాల్ వెనక ఖాళీ జాగాలో జరుగుతున్నాయి. ఇండ్లకు తాళాలు వేసేవాళ్లు వేస్తారు, వేయనివాళ్లు వేయరు. వంట క్యాటరింగువాళ్లది, కాబట్టి ఎవరూ రాళ్లు పేర్చరు, కట్టెలు కొట్టరు. కూల్‌డ్రింకు మనిషికొక చిన్న సీసా. ఈ ఏడు ఆ లెక్క చూసే పని నాకు పెట్టారు. ఎవరింట్లో ఎంతమందో ఫోన్లో చెప్పేస్తే సరిపోతుంది. ఇంట్లో ఎన్ని పొయ్యిలని అడిగితే నేటి పిల్లలకు ఆ మాటే అర్థం కాదు.

నిన్న చిన్నబాపు ఫోన్ చేశాడు. కాసేపు వాన సంగతీ వరినాట్ల సంగతీ మాట్లాడి, "బిడ్డా, మమ్ములను మీ లెక్కలనే కలిపి రాయి. అందరం ఒక్కటే అని రాయి" అన్నాడు.

మనుషుల లెక్కలో కలిపి రాసినా, విడిగా రాసినా వచ్చే సీసాలు అవే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. సరే చిన్నబాపు అని, కలిపే రాశాను. ఆ మాట వినాల్సిన మనిషి పోయి చాలా ఏళ్లయింది.