ఫ్లోరీ చెట్టుకు అంటు

ఎనొక్ ప్రీస్ పెంచిన చెట్టు ఎనొక్‌ది కాదని దొరగారి ఎస్టేటు ఏజెంటు నవ్వుతూనే చెప్పాడు. ఇంగ్లండులోని హెర్ఫర్డ్‌షైర్‌లో ఒక దొరగారి తోటలో ఎనొక్ జీవితమంతా మాలి. మోకాళ్ళు పట్టేశాక పని పోయింది, పనితోపాటు ఇచ్చిన ఇల్లూ పోయింది. పెరట్లోని క్రాబ్ యాపిల్, అంటే పుల్లటి చిట్టి యాపిల్ చెట్టు, దొరకే మిగిలింది. వేరు పట్టిన చెట్టు నేల గలవాడిదట. నేల లేనివాడు ఏం నాటుకున్నా దొర కోసం నాటినట్టే.

దాని గింజ వేసింది ఎనొక్ కూతురు ఫ్లోరీ. జెల్లీ కాచడానికి తెచ్చిన కాయను కొరికి, పులుపుకు మొహం చిట్లించి, గింజను పూలకుండీలో గుచ్చింది. మొలకను చూసింది గానీ పువ్వును చూడలేదు. కంఠసర్పి జబ్బు ఆ పిల్లను తీసుకుపోయింది. ఏటా ఆకు రాలాక ఎనొక్ ఒకదానికొకటి ఒరుసుకునే కొమ్మలు తీసేసి, నడుమ గాలి ఆడేలా చెట్టును గిన్నెలా తెరిచి ఉంచేవాడు. మే నెలలో అది పూస్తే అతని భార్య కిటికీ తెర వేసేసేది. తర్వాత ఆమె కూడా పోయింది.

మిగిలింది లెమ్‌స్టర్‌లో ఉండే చెల్లెలు బెస్సీ. ఎనొక్ ఆమె దగ్గరికి చేరాడు. ఇంటి వెనక కాస్త జాగా ఉంది. ఫ్లోరీ చెట్టును అక్కడ నిలుపుకోవాలని అన్నాచెల్లెళ్ళు అనుకున్నారు. గింజ వేస్తే అదే చెట్టు రాదు, అంటు కట్టాలి. అంటుకు ఆ ఏడాది పెరిగిన లేతకొమ్మే కావాలి, అదీ చెట్టు నిద్రపోయే చలికాలంలో కోయాలి. ఇల్లు ఖాళీ చేయించింది మాత్రం సెప్టెంబరులో, చెట్టు నిండా ఆకులుండగా. జనవరిలో వచ్చి కోసుకొమ్మన్నాడు ఏజెంటు. ఆ మాట కొత్త మాలి ట్రాంటర్‌కు చెప్పడం మరిచాడు.

"ఈ మంచులో నువ్వెందుకు, అన్నయ్యా? ఉత్తరం రాస్తే వాళ్ళే పంపిస్తారుగా," అంది బెస్సీ.

"ఎవరు, ట్రాంటరా? చీపురుపుల్లలు పంపిస్తాడు."

సాయంత్రం ఖాళీ సంచితో తిరిగొచ్చాడు.

"ఏవీ?"

"చెట్టుకు గుండు గీశాడే. కంచె కత్తిరించే కత్తెరతో బంతిలా. లేతకొమ్మ ఒక్కటి లేదు."

"కోసినవి కింద పడుంటాయిగా. ఏరుకోలేకపోయావా?"

"తగలబెట్టేశాడు. కోసిన రోజే తగలబెట్టాలి, తెగులు పాకకుండా. ఆ తోటలో ఆ పద్ధతి పెట్టింది నేనే."

"పోనీలే, వచ్చే ఏడు లేతకొమ్మలు మళ్ళీ రావా?"

ఎనొక్ దగ్గుతూ కూర్చున్నాడు. ఆ దగ్గు ఛాతీలోకి దిగింది. వారం తిరక్కుండా ఆసుపత్రిలో చేర్చారు.

బెస్సీ అన్నను చివరిసారి చూసింది అక్కడే. మంచం పక్కన కూర్చుని, "ఆ ట్రాంటర్ చేతులు పడిపోను!" అని తిట్టిపోసింది.

"వాణ్ణేం అనకే," అన్నాడు ఎనొక్. "నేను వెళ్ళేసరికి మంట బాగా అందుకుంది. రండి ప్రీస్ గారూ, చలి కాచుకోండి అని పిలిచాడు. వేళ్ళు కొంకర్లు పోయున్నాయి నాకు. చెట్టు వైపు అప్పటికింకా చూడలేదు. ఎంత హాయిగా ఉందో, బెస్సీ, ఆ వెచ్చదనం."